గాదె మారిన గింజ

పొలంలో జింక పడిందన్న వార్త ఆ ఇంట్లో పొద్దున్నే పడింది.

పడేసింది నాయనమ్మ. ఆవిడకి చెవులు రెండున్నాయి గానీ ఒకటి ఎప్పుడో పదవీ విరమణ చేసింది. రెండోది బుద్ధి పుట్టినప్పుడు మాత్రం డ్యూటీకి వస్తుంది. ఫోను మోగే వేళకి కొడుకు పెరట్లో అద్దం ముందు సగం గడ్డం గీసుకుని ఉన్నాడు. కోడలు రెండు రోజులుగా మనుషులతోనే మాట్లాడటం లేదు, ఇక ఫోనుతో ఏం మాట్లాడుతుంది? అలా ఫోను నాయనమ్మ వాటాకి వచ్చింది.

అవతల మనవరాలు. పట్నంలో మట్టి పరీక్షలు చేసే ల్యాబులో పని చేస్తుంది. "నాయనమ్మా, నాన్న చెక్కలో జింక్ బాగా పడిపోయింది. నేను పది గంటల బస్సుకి వస్తున్నా. అప్పటిదాకా విత్తనం వెయ్యొద్దని చెప్పు," అంది.

నాయనమ్మ ఫోను పెట్టేసి పెరట్లోకి వచ్చింది. "ఒరే, నీ చెక్కలో జింక పడిందటరా," అంది. విత్తనం సంగతి చెప్పనే లేదు. జింక ముందు విత్తనమెంత!

ఆ ఇంటి పొలం రెండెకరాలు. నడుమ ఒక గట్టు. గట్టుకి అటు ఎకరం ఇంటాయన చెక్క, ఇటు ఎకరం ఇల్లాలి చెక్క. చెక్కు చెదరని సంసారం అని బంధువులు మెచ్చుకుంటే, చెక్కలైన సంసారం అని ఇల్లాలి తమ్ముడు సవరించేవాడు. ఇంటాయన్ని చుట్టుపక్కల అందరూ బస్తాయన అంటారు. ఎవరి పొలంలో మొక్క పసుపెక్కినా, చూడకుండానే 'ఇంకో బస్తా ఎరువు వెయ్యి' అంటాడు గనక. ఎవరైనా దగ్గినా అదే మందు చెప్పేలా ఉంటాడు.

అలాంటి బస్తాయన ఒక బుగ్గ మీద సబ్బు నురగతోనే కర్ర అందుకున్నాడు. విత్తనాల గొర్రు తగిలించిన ట్రాక్టరుని వాకిట్లో ఆపి, టీ కోసం కూర్చున్న బావమరిది ఇనప గొట్టం అందుకున్నాడు. ఇద్దరూ మంచులోకి నడిచారు.

ఆ పొద్దు పొలం పాలలో నానబెట్టినట్టుంది. పది అడుగుల అవతల గట్టు లేదు, బోరు లేదు, బావమరిది కూడా లేడు. అతని గొంతు మాత్రం అక్కడక్కడా తేలుతోంది. ఒకసారి కొమ్ములు కనబడ్డాయంది ఆ గొంతు. దగ్గరికెళ్లి చూస్తే విరిగిన నాగలి పిడి. ఇంకోసారి కళ్లు మెరుస్తున్నాయంది. అది ఖాళీ యూరియా సంచి మీది బొమ్మ. ఎకరం పొలంలో జింకని వెతకడానికి అరగంట పట్టింది. దున్ని పెట్టిన బోడి నేలలో జింక వచ్చి ఏం తింటుందని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. నీ చెక్కలో ఏదో పడిందంటే చాలు, మగవాడికి కర్ర గుర్తొస్తుంది గానీ బుర్ర గుర్తు రాదు.

కొంతసేపటికి బస్తాయన నడి చెక్కలో ఒక్కడే నిలబడిపోయాడు. అతని చెప్పుల కింద మన్ను బూడిదలా నలిగిపోతోంది, తడి మన్ను వాసన కూడా లేదు. ఎదురుగా మంచులో ఏదో నిలబడి తన వంకే చూస్తున్నట్టు అనిపించింది. కదిలితే పోతుందని కదల్లేదు. అదీ కదల్లేదు. ఊపిరి కూడా మెల్లగా పీల్చాడు. మంచు విడిపోయాక చూస్తే అక్కడ ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే నాలుగు కాళ్ల మీద నిలబడి ఇంకా అతన్ని చూస్తున్నట్టుంది.

ఇంటికి తిరిగొచ్చేసరికి వెనక గుమ్మం దగ్గర నీళ్ల చప్పుడు.

ఇల్లాలు గంగాళంలో బఠాణీ పోసి, బిందెతో నీళ్లు గుమ్మరిస్తోంది. తిండి బఠాణీ కాదు, విత్తనపు బఠాణీ. ఏడాదిన్నరగా బూడిద కలిపి, మూత మీద బండ పెట్టి, ఎలకతో సహా ఎవర్నీ నమ్మకుండా కాపాడిన ముప్ఫై కిలోలు. తన చెక్క మొత్తానికీ సరిపోయే విత్తనం.

బావమరిది గొట్టం కింద పెట్టేశాడు. "అక్కా, అది విత్తనం," అన్నాడు.

ఆమె తలెత్తలేదు. కొట్టంలో ఆవు వైపు గడ్డంతో చూపించింది. విత్తనాన్ని దాణాకి నానబోస్తోందన్నమాట. అంత దాణా తినాలంటే ఆ ఆవు ఏనుగై పుట్టాలి అనబోయి, అక్క ముఖం చూసి, బావమరిది ఆ మాటని మింగేశాడు.

ఈ ఇంటి తగువు ఎరిగినవాళ్లకి ఆ నీళ్ల చప్పుడు ఏడుపు కంటే ఎక్కువ. ఏడేళ్లుగా బస్తాయన తన చెక్కలో గోధుమ మీద గోధుమే వేస్తున్నాడు. మాట మార్చడు, పంటా మార్చడు. దిగుబడి తగ్గిన ప్రతి ఏడూ ఒక బస్తా పెంచాడు. ఇల్లాలు తన చెక్కలో ఒక ఏడు బఠాణీ, ఒక ఏడు గోధుమ వేసి, బస్తాలు సగానికి దించేసింది. మాటలున్న రోజుల్లో ఆమె 'ఎరువు సొమ్ము బరువు చేటు' అని సామెత విసిరితే, అది అరువు నగల గురించి గానీ పొలం ఎరువు గురించి కాదని ఆయన వ్యాకరణం చెప్పేవాడు. పోయిన పంటకి రెండు చెక్కల్లోనూ గోధుమే పండింది. పంట పండితే చాలా, పంతం పండొద్దూ? ఎవరి గింజ మేలో మిల్లువాళ్లనే తేల్చమని, పోయిన వారం బస్తాయన ఇంట్లో చెరో గాదెలోంచి చెరో చిన్న సంచి నింపి పంపాడు. గెలిచిన గింజదే రెండు చెక్కలూ అని ఒప్పందం.

మొన్న మిల్లు చీటీ వచ్చింది. బస్తాయన సంచిలోది నిండు గింజ, మాంసకృత్తులు నూటికి పన్నెండున్నర, రొట్టెకి మేలురకం. ఇల్లాలి సంచిలోది ముడతల గింజ, మాంసకృత్తులు తొమ్మిది, దాణాకి పంపుకోవచ్చు.

ఇల్లాలు ఆ చీటీ రెండుసార్లు చదివింది. గాదెల గదిలోకి వెళ్లి, చాలాసేపటికి బయటికొచ్చింది. అప్పట్నుంచి నోరు మెదపలేదు. గింజ కోసం ఇన్నేళ్లు గింజుకున్న ఇల్లు ఒక్క చీటీతో చల్లబడిపోయింది. ఈ పూట ట్రాక్టరు రెండు చెక్కల్లోనూ గోధుమ విత్తబోతోంది. ఆమె చెక్క అనేది ఇక ఉండదు.

బస్తాయన గంగాళం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గెలిచినవాడికి గుచ్చుకోకూడదు గానీ, గుచ్చుకుంది. "ఎందుకు నానబోశావు? పెరట్లో నాలుగు వరసలు వేసుకోవచ్చుగా. నేను కాదన్నానా?" అన్నాడు.

ఆమె అతని ముఖం వంక చూసింది. ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గ గరుగ్గా ఉంది. పొలం లాగే, రెండు చెక్కలు. తన భుజం మీది తువ్వాలు తీసి అతని చేతికిచ్చి, నురగ తుడుచుకోమని సైగ చేసి లోపలికి వెళ్లిపోయింది.

తిట్టినా బాగుండేదనుకున్నాడు.

*

పది గంటల బస్సు పదకొండుకి వచ్చింది. కూతురు చెప్పులు విప్పకుండానే, విత్తేశారా అని అడిగింది. లేదు, జింకని తరుముతున్నాం అన్నాడు మేనమామ. ఆ జింక ఎవరో తేలడానికి రెండు నిమిషాలు, కూతురు నవ్వు ఆగడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది. నాయనమ్మకి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆవిడ వాకిట్లో కుర్చీ వేసుకుని, పొలం వైపు చెయ్యి అడ్డం పెట్టి చూస్తూ ఉంది. అంత ఆశగా ఆవిడ దేనికోసమూ చూసి ఎన్నాళ్లో అయింది. చెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు.

వంటింటి బల్ల మీద కూతురు కాగితం పరిచింది. నెల క్రితం తనే స్వయంగా రెండు చెక్కల్లోనూ పదేసి చోట్ల జానెడు లోతు తవ్వి మన్ను తీసుకెళ్లింది. ఏ చెక్క మన్నుకి ఆ చెక్క సంచి. పొరపాటుకి చోటే లేదు.

కాగితం చదువుతుంటే బస్తాయన ముఖంలో ఒక్కో దీపం ఆరుతూ వచ్చింది. ఆయన చెక్కలో మన్ను పులుపెక్కింది. కుళ్లిన ఆకూ అలమూ ఇచ్చే జీవం ఆమె చెక్కలో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. జింక్ అడుగంటింది. ఒకే పంట ఏడేళ్లు ఒకే లోతులో వేళ్లు దించి, ఒకే రకం సత్తువ తోడుకుని, తిరిగి పెట్టింది లేదు. భాస్వరం మాత్రం అవసరానికి మించి పోగుపడింది.

"భాస్వరం ఎక్కువుందిగా మరి," అన్నాడు బస్తాయన, దొరికిన గడ్డిపోచ పట్టుకుని.

"ఉంది నాన్నా. భాస్వరం ఉంది, పలికే స్వరమే లేదు. నువ్వు వేసిన బస్తాల్లో సగం వానకి కొట్టుకుపోయింది, సగం ఆకుకి పోయింది. ఎప్పుడూ ఒకే పంట కావడంతో వేరుకి తెగులు పట్టింది. గింజ పాలు పోసుకునే వేళకి తాగడానికి ఆ వేరుకి నోరే లేదు. అమ్మ చెక్కలో బఠాణీ వేళ్లు దాచిపెట్టిన నత్రజని మెల్లమెల్లగా అందుతూనే ఉంది."

అంటే తన గింజ గెలవలేదంటుందా అని ఆయన జేబులోంచి మిల్లు చీటీ తీసి పరిచాడు. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన, ఎడమొహం పెడమొహంగా పడుకున్నాయి.

"మనం తినేది మన్ను కాదు, గింజ," అన్నాడు. "మట్టి కరిచేది ఓడినవాళ్లు. నేను గెలిచాను."

కూతురు రెండు కాగితాల్నీ మార్చి మార్చి చూసింది. ఇలాంటి నేల అలాంటి గింజనివ్వదు. అలాంటి నేల ఇలాంటి గింజనివ్వదు. లెక్క తిరగబడి ఉంది. మన్ను లేచి నడిచి గట్టు దాటదు. మరి గింజ?

లేచి గాదెల గదిలోకి వెళ్లింది. పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి నిలబడ్డ తల్లి, ఏమీ వెయ్యని గిన్నెలో గరిటె తిప్పడం ఆపి, కూతురి వెనకే నడిచింది.

*

ఆ గదిలో పగలు కూడా సాయంత్రంలా ఉంటుంది. పైన ఒకే ఒక చిన్న కిటికీ. అందులోంచి దిగిన ఎండపట్టీలో గోధుమ పొడి నెమ్మదిగా, ఎక్కడికీ వెళ్లే తొందర లేనట్టు తేలుతోంది. గోడ పక్కన మూడు రేకు గాదెలు, ఒక్కోదాంట్లో రెండు బస్తాలు పడతాయి. మిగతా పంట మిల్లుకి పోగా, తిండికీ విత్తనానికీ ఉంచుకున్న గింజ వీటిల్లో ఉంది. ఎడమదాని మీద సుద్దముక్కతో 'నాది' అని బస్తాయన రాత. కుడిదాని మీద 'తనది'. నడిమిది ఖాళీ.

తల్లి 'నాది' మూత తీసి, మోచేతి దాకా చెయ్యి దించి, కళ్లు మూసుకుంది. లోపల గింజలు చల్లగా, ఏటి అడుగున ఇసకలా వేళ్ల సందుల్లోంచి జారాయి. ఆమె చాలాసేపు అలాగే ఉండిపోయింది. నిద్రలో నడిచే మనిషిని పిలవకూడదన్నట్టు కూతురూ పిలవలేదు.

"ఇది నా గింజ," అంది తల్లి.

రెండు రోజుల మౌనం తర్వాత ఆ గొంతు కాస్త తుప్పు పట్టినట్టు వచ్చింది.

"కోసింది నేను, తూర్పారబట్టింది నేను. బరువు చెబుతుంది, నునుపు చెబుతుంది. చీటీ వచ్చినరోజే వచ్చి చూశా. నా గింజ ఈ గాదెలో ఉంది. తాలు గింజ నా గాదెలో ఉంది."

"మరి అప్పుడే అనొచ్చుగా అమ్మా."

"అంటే ఏమవుతుంది? మీ నాన్న దొంగవుతాడు." ఆమె చెయ్యి బయటికి తీసి, గోరు సందులోని గింజని మళ్లీ గాదెలోనే వేసింది. "దొంగతో కాపురం చెయ్యడం కంటే ఓడిపోవడం తేలిక. ఎకరం పోతే పోయింది."

గుమ్మంలో చప్పుడైంది. బస్తాయన నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి నిలబడ్డాడో తెలీదు. ముఖంలో గరుకు బుగ్గ, నున్నటి బుగ్గ రెండూ ఒకే రంగుకి వచ్చాయి.

"నేను మార్చాననుకున్నావా?"

ఎండపట్టీలో పొడి తేలుతూనే ఉంది. బయట ఆవు ఒకసారి అరిచి, ఎవరూ పట్టించుకోకపోయేసరికి ఊరుకుంది.

"సంచులు నింపింది మీరు," అంది చివరికి. "పేర్లు రాసింది మీరు."

ఒట్టు వేద్దామని ఆయన చెయ్యెత్తాడు. ఎవరి మీద వెయ్యాలో తోచక దించేశాడు. ముందుకొచ్చి 'నాది' గాదెలోంచి గుప్పెడు గింజ తీసి, ఎండపట్టీలో అరచేయి చాపి చూశాడు. నిండు గింజ, తేనె రంగు. రెండు రోజులుగా దీన్ని పదిమందికి చూపించాడు గానీ, తను మాత్రం చూడలేదు.

"ఇంత మంచి గింజ నాకెప్పుడు పండింది?" అన్నాడు, ఎవరితోనో కాదు, అరచేతితోనే. "గెలుపు ఎదురొస్తే ఊరూ పేరూ అడగబుద్ధి కాలేదు. అంతే నేను చేసింది. మార్చలేదు."

ఆమె నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. నమ్మాలని మాత్రం ఉంది. అదే అందరికంటే ఆమెనే ఎక్కువ బాధపెడుతోంది. ఇన్నేళ్ల కాపురంలో సారం ఇంకెంత మిగిలిందో చెప్పే పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు.

ఇంతలో గదిలో ఇంతమంది ఎందుకు చేరారా అని నాయనమ్మ చేతికర్రతో వచ్చింది. ఏం పోయిందని అడిగింది. బావ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ బావమరిది ఆవిడ డ్యూటీ చెవి దగ్గరికి వంగి, ఎవరో గాదెల్లో గింజలు మార్చేశారని అరిచి చెప్పాడు.

"ఎవరో ఏంటి?" అంది నాయనమ్మ. "నేనే కదా మార్చేది."

*

నలుగురూ ఒక్కసారి ఆవిడ వంక తిరిగారు. ఇంతమంది తనని ఒకేసారి చూడటం చాన్నాళ్ల తర్వాత కావడంతో, నాయనమ్మ నడిమి గాదె మూత మీద తీరిగ్గా కూర్చుంది.

ఒకే చోట కూర్చున్న గింజకి పురుగు పడుతుందని ఆవిడ అత్త నేర్పింది. అందుకని కోతలైన దగ్గర్నుంచి విత్తనాల దాకా నెలకోసారి, సంత రోజున, ఇంట్లో ఎవరూ కాళ్లకి అడ్డం లేనప్పుడు, ఆవిడ గింజకి గాలి చూపిస్తుంది. ఎడమ గాదెలోది చేటతో చెరిగి నడిమి గాదెలో పోస్తుంది. కుడి గాదెలోది చెరిగి ఎడమ గాదెలో పోస్తుంది. చివరికి నడిమి గాదెలోది తీసి కుడి గాదెలో పోస్తుంది. చేటా చిన్న బకెట్టూ చాలు, పొద్దున మొదలెడితే సంత నుంచి వీళ్లు తిరిగొచ్చే వేళకి అయిపోతుంది. ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, ఊపిరి పీలుస్తున్నానని ఎవరికైనా చెబుతామా అంది.

"గాదెల మీద పేర్లు రాసి ఉన్నాయిగా అమ్మా," అన్నాడు బస్తాయన బలహీనంగా.

"పేరు గాదెకి రా. గింజకి ఎవరు రాశారు?"

బావమరిదికి అర్థం కాలేదు. అతను అర్థం కాలేదని పైకి చెప్పే అరుదైన మనిషి. కూతురు వంటింట్లోంచి మూడు గ్లాసులు తెచ్చి నేల మీద వరసగా పెట్టింది. ఎడమ గ్లాసులో పాలు, కుడి గ్లాసులో టీ, నడిమిది ఖాళీ. పాలు నడిమి గ్లాసులోకి. టీ ఎడమ గ్లాసులోకి. నడిమిలోని పాలు కుడి గ్లాసులోకి. "ఒక్క సంతకి అమ్మ గింజ నాన్న గాదెలో, నాన్న గింజ అమ్మ గాదెలో. రెండో సంతకి మళ్లీ ఎవరి ఇంటికి వాళ్లు."

"అయితే ఏటా సరిగ్గానే ఉండేదిగా?" అన్నాడు మేనమామ, టీ గ్లాసు ఎటు వెళ్లిందో కళ్లతో వెతుకుతూ.

"ఏటా ఆరుసార్లు మారుస్తా," అంది నాయనమ్మ. "ఈ ఏడు ఒకటి తప్పింది. జ్వరం వచ్చి పడుకున్నానుగా."

ఆరు కాదు, అయిదు, అంటే బేసి. కూతురు వేళ్ల మీద ఆరు లెక్కపెట్టి, రెండో చేతి బొటనవేలు మడిచేసింది. ఆ జ్వరం ఇంట్లో అందరికీ గుర్తుంది. ఆ పది రోజులూ ఇల్లాలు అత్త మంచం పక్క నుంచి కదల్లేదు. బస్తాయన మందుల కోసం పట్నం తిరిగాడు. అప్పుడు ఎవరికీ తెలీదు, ఆ మంచం మీద ఆవిడతో పాటు ఒక సంత కూడా పడుకుందని.

పొలంలో పంట మార్పిడి పనికిరాదని ఏడేళ్లు వాదించిన మనిషి ఇంట్లో, ఆయన తల్లే నెలనెలా గాదె మార్పిడి చేస్తోంది. పైగా అదే కారణం చెబుతోంది.

"చోటు మారని గింజే పురుగు పడుతుంది," అంది నాయనమ్మ మళ్లీ. "చోటు మారని మనిషికి ఏం పడుతుందో మరి."

బస్తాయన వంగి గాదెల మీది సుద్ద రాతలు రెండూ తువ్వాలుతో తుడిచేశాడు. అది పొద్దున ఆమె ఇచ్చిన తువ్వాలే. ఆమె అది చూసింది. "నేను అడగాల్సింది," అంది మెల్లగా. "మనసులో పెట్టుకోవాల్సింది కాదు."

"అడిగినా నేను అరిచేవాణ్ణిలే," అన్నాడు.

అది క్షమాపణో, కాదో ఇద్దరికీ తెలియలేదు. బావమరిది గొంతు సవరించుకుని, గొర్రులో గోధుమ విత్తనం నింపి ఉందని, ఒప్పందం ప్రకారం రెండు చెక్కలూ ఇప్పుడు అక్కవేనని, ట్రాక్టరు ఎటు తోలాలో చెబితే తోలతానని గుర్తు చేశాడు. అప్పుడు అందరికీ ఒకేసారి గంగాళం గుర్తొచ్చింది.

నీళ్లు దాదాపు ఇంకిపోయాయి. బఠాణీ ఉబ్బి అంచుల దాకా వచ్చింది, కొన్నింటి పొట్టు అప్పుడే చిట్లుతోంది. రేపటికి ఇక మన్ను కాదు, ఆవే గతి. నానిన విత్తనం గొర్రులోంచి జారదు, చేత్తో వెయ్యాలి. వెయ్యాలంటే ఈ పూటే.

బస్తాయన గంగాళం చెవి ఒకటి పట్టుకుని ఎత్తబోయాడు. ముప్ఫై కిలోలు నీళ్లు తాగి అరవైకి దగ్గరయ్యాయి. లేవలేదు. ఇల్లాలు వచ్చి రెండో చెవి పట్టుకుంది. కాలు కాలు కలుపుకుంటూ, ఇద్దరూ వాకిలి దాటారు. ఎండలో పొలం మీద పొద్దుటి మంచు ఆనవాలు కూడా లేదు. అయినా నేల ఇంకా కలలోంచి లేవనట్టే ఉంది. వెనక కూతురు, మేనమామ. అందరి కంటే వెనక నాయనమ్మ, చేతికర్ర టకటకలాడించుకుంటూ. ఇంతమంది ఊరేగింపుగా పోతుంటే, పక్క పొలంలో మందు కొట్టేవాళ్లు పంపులు ఆపి చూశారు.

గట్టు దగ్గర బస్తాయన కాళ్లు అలవాటుగా ఆమె చెక్క వైపు తిరిగాయి. గంగాళం తిరగలేదు. ఆమె అక్కడే నిలబడింది.

"అటు కాదు. మీ చెక్కలో."

"నా చెక్కలోనా?"

"నాది ముందటేడు తిన్న బఠాణీనే ఇంకా అరిగించుకుంటోంది. ఆకలి మీదాన్లో ఉంది."

గంగాళం గట్టు మీద దిగింది. ఏడేళ్లుగా గోధుమ తప్ప ఇంకో మొక్క ఎరగని నేల వంక బస్తాయన చూశాడు. పొద్దున మంచులో ఏదో నిలబడిన చోటు ఏదో గుర్తుపట్టాలని చూశాడు. ఇప్పుడు అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు.

అప్పుడే నాయనమ్మ గట్టెక్కి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చెక్క ఆ చివర నుంచి ఈ చివరి దాకా వెతికింది. "ఏదిరా జింక?" అంది. "పొద్దున్నుంచి చూస్తున్నా, ఒక్కసారీ కనబడలేదు."

కూతురు చెప్పబోయింది. బస్తాయన ఆపాడు. తల్లి దగ్గరికి వెళ్లి, డ్యూటీ చెవి దగ్గర వంగాడు. ఆ చెవికి చెప్పాలంటే ఊరందరికీ చెప్పాల్సిందే.

"జింక కాదమ్మా, జింక్," అని అరిచాడు. "మట్టిలో ఉండే సత్తువ. నా చెక్కలో అది పడిపోయింది. ఏడేళ్లు తీసుకుంటూ పోయాను. తిరిగి పెట్టలేదు."

పక్క పొలంలో పంపులవాళ్లు విన్నారు. గట్టు మీద బావమరిది విన్నాడు. ఆవు కూడా విని ఉంటుంది.

నాయనమ్మ చేతికర్రతో కొడుకుని చూపించింది. "అయితే లేనిదాన్ని కొట్టడానికా, పొద్దున్నే కర్రలు పట్టుకుని పరిగెత్తారు?"

రెండు రోజుల తర్వాత ఇల్లాలు నవ్వింది. గంగాళం ఇంకా గట్టు మీదే ఉంది. ఒక చెవి ఆమె చేతిలో, రెండో చెవి ఖాళీగా.